చూసి కట్టినవాడికే తెలుస్తుంది

కాలిఫోర్నియాలోని అనహైమ్ నగరంలో డిస్నీలాండ్ ఉంది. దాని నడిబొడ్డున నిలిచిన స్లీపింగ్ బ్యూటీ కోట ఎత్తు 77 అడుగులే. మన పట్టణాల్లో ఏడంతస్తుల అపార్ట్‌మెంటు కూడా దాదాపు అంతే ఉంటుంది. ఫొటోలో మాత్రం కోట అంతకు ఎంతో ఎత్తున్నట్టు కనిపిస్తుంది.

ఆ కోటను ప్లానెట్ కోస్టర్ అనే గేములో కట్టడానికి కూర్చున్నారనుకోండి. కొలత ప్రకారం 77 అడుగులకే లేపుతారు. ఒకే సైజు రాయిని వరసలు వరసలుగా పేరుస్తారు. బురుజులు పెడతారు, నీలం కప్పు వేస్తారు. తీరా దూరం నుంచి చూస్తే కోట పొట్టిగా, బండగా ఉంటుంది. కొలతలో తేడా లేదు, రంగులోనూ తేడా లేదు. మరి ఎక్కడ తేడా వచ్చింది? మళ్లీ ఫొటో తెరుస్తారు. ఈసారి బురుజుల మీద కాకుండా రాళ్ల మీద చూపు పడుతుంది. కింది వరసల్లో రాళ్లు పెద్దవి. పైకి వెళ్లేకొద్దీ చిన్నవవుతూ పోయాయి. దూరంగా ఉన్నది చిన్నగా కనిపించడం కంటికి అలవాటు. అందుకే పైన రాళ్లు చిన్నవైతే అవి చాలా ఎత్తున ఉన్నాయని కన్ను నమ్మేస్తుంది. డిస్నీలాండ్ రూపకర్తల్లో చాలామంది సినిమా సెట్లు వేసిన కళాదర్శకులు. చిన్న సెట్టును పెద్ద ఊరిగా చూపించే విద్యను వాళ్లు స్టూడియో నుంచి పార్కుకు తెచ్చారు.

ఆ ఫొటోను మీరు అంతకుముందు ఎన్నోసార్లు చూసే ఉంటారు. రాళ్ల సైజులో తేడా మాత్రం కట్టబోయిన రోజే కనబడింది. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఇదే. ఒకదాన్ని చూసి మెచ్చుకున్నంత మాత్రాన అది మనకు అర్థమైనట్టు కాదు. దాన్ని మళ్లీ కట్టడానికి పూనుకున్నప్పుడే, అది అలాగే ఎందుకు ఉందో తెలుస్తుంది. ఉన్న పార్కును ఉన్నట్టుగా గేములో నిర్మించడం ఈ సాధనకు చాలా మంచి మార్గం. ఖర్చు తక్కువ, పడగొట్టి మళ్లీ కట్టుకోవచ్చు, తప్పు జరిగితే వెంటనే కళ్ల ముందు కనిపిస్తుంది.

పనిముట్టు సంగతి

నిజమైన పార్కులు గేముల్లోకి రావడం కొత్తేమీ కాదు. క్రిస్ సాయర్ రూపొందించిన రోలర్‌కోస్టర్ టైకూన్ 1999లో వచ్చింది. 2002లో వచ్చిన రెండో భాగంలో సిక్స్ ఫ్లాగ్స్ మ్యాజిక్ మౌంటెన్ లాంటి అసలు పార్కులనే ఆటగాడి చేతికి ఇచ్చారు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్‌కు చెందిన ఫ్రాంటియర్ డెవలప్‌మెంట్స్ 2016 నవంబరులో ప్లానెట్ కోస్టర్‌ను విడుదల చేశాక ఈ పని మరో స్థాయికి చేరింది. ఇందులో గోడ, కప్పు, కిటికీ, స్తంభం, రాయి, చెట్టు దేనికదే విడి ముక్కగా దొరుకుతుంది. నేలను లేపవచ్చు, తవ్వవచ్చు, చదును చేయవచ్చు. డబ్బు బెడద లేకుండా కట్టుకోవడానికి శాండ్‌బాక్స్ అనే విధానం ఉంది. మొదటిసారి దిగేవాళ్లు దాంతోనే మొదలుపెట్టడం మేలు.

గేము ఏదైనా పద్ధతి ఒక్కటే. ఇక పనిలోకి దిగుదాం.

మొదటి మెట్టు: ఏ సంవత్సరం?

డిస్నీలాండ్ కడతానని అనుకోగానే వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న: ఏ డిస్నీలాండ్? 1955 జులై 17న తెరిచిన పార్కు వేరు, ఇప్పుడున్న పార్కు వేరు. మ్యాటర్‌హార్న్ కొండ, మోనోరైలు, జలాంతర్గామి రైడు మూడూ 1959లో వచ్చాయి. పైరేట్స్ ఆఫ్ ద కరీబియన్ 1967లో, హాంటెడ్ మాన్షన్ 1969లో, స్పేస్ మౌంటెన్ 1977లో వచ్చాయి. స్టార్ వార్స్ లోకం 2019లో తెరిచారు.

ఈ ప్రశ్నను పక్కనపెట్టి పనిలో దిగితే ఏమవుతుందో మ్యాటర్‌హార్న్ కొండ దగ్గరే తెలుస్తుంది. ఒకప్పుడు పార్కు మీదుగా స్కైవే అనే తీగమార్గం నడిచేది. దాని తొట్లు కొండలో ఒక పక్క దూరి మరో పక్క బయటికి వచ్చేవి. 1994లో స్కైవేను మూసేశారు. కాబట్టి 1969 నాటి కొండ కడితే దానికి తొట్లు దూరే సొరంగాలు ఉండాలి. ఇవాళ్టి కొండ కడితే ఆ దారి ఉండకూడదు. రెండు కాలాల ఫొటోలను కలిపి చూస్తూ కట్టేవాళ్లు ఏ రోజునా ఉండని కొండను తయారుచేస్తారు.

అందుకని ఒక సంవత్సరం తేల్చుకుని కాగితం మీద రాసి కంప్యూటర్ పక్కన అతికించండి. ఇవాళ్టి పార్కును ఎంచుకుంటే ఉపగ్రహ చిత్రాలు, వీడియోలు పుష్కలంగా దొరుకుతాయి గానీ కట్టాల్సింది చాలా ఎక్కువ. 1955 నాటి పార్కులో కట్టాల్సింది తక్కువ, సాక్ష్యాలూ తక్కువే. మీ ఓపికకు, మీకున్న సమయానికి ఏది సరిపోతుందో నిజాయితీగా ఆలోచించి నిర్ణయించుకోండి. ఒకసారి నిర్ణయించాక మధ్యలో మార్చకండి. ఆ సంవత్సరం తర్వాత వచ్చినది ఎంత అందంగా ఉన్నా, ఈ పనిలో దానికి చోటు లేదు.

రెండో మెట్టు: సాక్ష్యాలు, కొలతలు

మ్యాపుల్లో దూరం కొలిచే సాధనం ఉంటుంది. రైల్వే స్టేషను నుంచి కోట దాకా, కోట నుంచి కొండ దాకా దూరాలు కొలిచి ఒక పుస్తకంలో రాసుకోండి. పొడవు, వెడల్పు పైనుంచి దొరుకుతాయి. ఎత్తు దొరకదు. దానికి ఫొటోలే ఆధారం.

ఎత్తు తేల్చడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. ఖాయంగా తెలిసిన ఎత్తు ఒకటి పట్టుకోవాలి. కోట 77 అడుగులని తెలుసు. స్క్రీన్ మీద ఫొటోలో కోట 7.7 సెంటీమీటర్లు వచ్చేలా జూమ్ చేసి పెట్టుకుంటే ఒక్కో సెంటీమీటరు పది అడుగులకు సమానం. ఇక కోట ముఖం మీద ఉన్న ద్వారం, కిటికీ, చిన్న బురుజు దేన్నయినా స్కేలు పెట్టి చదువుకోవచ్చు. ఒక్క జాగ్రత్త: కొలిచే వస్తువు కూడా కోట ఉన్నంత దూరంలోనే ఉండాలి. ముందున్న చెట్టును ఇదే లెక్కతో కొలిస్తే అది అసలుకన్నా పెద్దదిగా తేలుతుంది.

తర్వాత అడుగులను మీటర్లలోకి మార్చుకోవాలి. ఒక అడుగు 0.3048 మీటరు. అంటే కోట దాదాపు 23.5 మీటర్లు. ప్లానెట్ కోస్టర్‌లో మామూలు గోడ ముక్క 4 మీటర్ల ఎత్తు ఉంటుంది. ఆరు ముక్కలు పేరిస్తే 24 మీటర్లు, అరమీటరు ఎక్కువ. ఆ అరమీటరు ఎక్కడ తగ్గించాలి? పైన శిఖరంలోనా, కింద పునాదిలోనా? ఇలాంటి చిన్న లెక్కలు విసుగనిపించవచ్చు. కానీ ఈ లెక్క వేసిన మనిషికి ఆ కోట నిష్పత్తులు ఎప్పటికీ గుర్తుండిపోతాయి.

కాలిఫోర్నియాలో మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. సెలవులకు పిల్లలను తీసుకుని డిస్నీలాండ్‌కు వెళ్లేవాళ్లు మీ చుట్టాల్లోనో స్నేహితుల్లోనో ఉండే ఉంటారు. వాళ్లను ఫొటోలు అడగండి. అయితే ఏం కావాలో వివరంగా చెప్పండి. "అక్కా, కోట ముందు సెల్ఫీ ఒక్కటి చాలు. నాకు కోట పక్క గోడ కావాలి. దారి అంచు, కుర్చీ, దీపస్తంభం కావాలి. స్తంభం పక్కన బావగారిని నిలబెట్టి తియ్యి" అని చెబితే, బావగారి ఎత్తును బట్టి స్తంభం ఎత్తు తేలిపోతుంది. అందరూ తీసే ఫొటోల్లో కట్టేవాడికి కావాల్సిన సమాచారం తక్కువ. ఎవరూ తీయని మూలలే మీకు అవసరం. సరైన సమాచారం అడిగి తెప్పించుకోవడం కూడా ఒక నేర్పే. ఏం కావాలో మనకు స్పష్టంగా తెలిస్తేనే ఎదుటివాళ్లు సాయం చేయగలరు.

మూడో మెట్టు: ముందు నేల, తర్వాతే గోడ

చాలామంది కోటతో మొదలుపెడతారు. కోట అందంగా వస్తుంది. తీరా చుట్టూ దారులు వేయబోతే అది పక్కకు జరిగిందని, నది పట్టే చోటు లేదని తెలుస్తుంది. ముగ్గు వేసేవాళ్లు ముందు చుక్కలన్నీ పెట్టాకే గీత కలుపుతారు. ఇక్కడా అదే క్రమం పాటించాలి.

డిస్నీలాండ్‌కు ఆ చుక్కలు ఏవి? మొదటిది చుట్టూ ఉన్న మట్టికట్ట. బయటి రోడ్లు, ఇళ్లు లోపలికి కనిపించకుండా పార్కు చుట్టూ కట్ట పోశారు. రెండోది ఆ కట్ట వెంట పార్కును చుట్టివచ్చే రైలు మార్గం. మూడోది రైల్వే స్టేషను దగ్గర ఉన్న ఒకే ఒక్క ప్రవేశం. నాలుగోది అక్కడి నుంచి తిన్నగా సాగే మెయిన్ స్ట్రీట్. అయిదోది ఆ వీధి చివర ఉన్న గుండ్రటి కూడలి. అడ్వెంచర్‌ల్యాండ్, ఫ్రాంటియర్‌ల్యాండ్, ఫాంటసీల్యాండ్, టుమారోల్యాండ్ అన్నిటికీ అక్కడి నుంచే దారులు చీలుతాయి. ఈ అయిదింటినీ రంగులు, అలంకారాలు లేకుండా ఉత్త దారులుగా, ఉత్త మట్టిగా ముందు వేసేయండి. భవనం రావాల్సిన ప్రతిచోటా ఒక ఖాళీ డబ్బా లాంటి గోడ నిలబెట్టి వదిలేయండి.

అసలు పార్కు కూడా అలాగే పుట్టింది. 1953 సెప్టెంబరులో ఒక వారాంతంలో వాల్ట్ డిస్నీ పక్కన కూర్చుని చెబుతుండగా, హెర్బ్ రైమన్ అనే చిత్రకారుడు మొత్తం పార్కును ఆకాశం నుంచి చూస్తున్నట్టు ఒకే బొమ్మగా గీశాడు. పెట్టుబడి కోసం న్యూయార్క్ వెళుతున్న అన్న రాయ్ డిస్నీ చేతికి ఇవ్వడానికి అది కావాల్సి వచ్చింది. వివరాలు తర్వాత ఎన్నో మారాయి. మొత్తం మాత్రం ముందే ఒక కాగితం మీద కనబడింది. మీ పనికీ అలాంటి ఒక్క కాగితం ఉండాలి.

ఇలా ఖాళీ డబ్బాలతో పార్కంతా పరిచాక కెమెరాను నేలకు దించి, మనిషి కళ్ల ఎత్తులో నడిపించి చూడండి. స్టేషను కింది సొరంగం దాటి వీధిలోకి రాగానే ఎదురుగా కోట కనిపించాలి. కనిపించకపోతే వీధి వంకర పోయిందన్నమాట. ఇప్పుడు సరిచేయడం నిమిషాల్లో పని. మెయిన్ స్ట్రీట్ అంతా కిటికీలు, దీపాలు పెట్టాక సరిచేయాలంటే వారాలు పడుతుంది.

నాలుగో మెట్టు: లోపలి నుంచి బయటికి

భవనాలు, కొండలు కట్టేటప్పుడు కంటికి కనిపించే పై తొడుగుతో కాక, లోపల పనిచేసే భాగంతో మొదలుపెట్టాలి. దీనికి మ్యాటర్‌హార్న్ మంచి పాఠం.

స్విట్జర్లాండు, ఇటలీ సరిహద్దులో ఉన్న అసలు మ్యాటర్‌హార్న్ శిఖరం ఎత్తు 4,478 మీటర్లు. అనహైమ్‌లోని కొండ 147 అడుగులు, అంటే దాదాపు 44.8 మీటర్లు. అసలుకు సరిగ్గా నూరో వంతు. దాని లోపల రెండు రోలర్ కోస్టర్ల పట్టాలు ఒకదాన్నొకటి పెనవేసుకుని దిగుతాయి. గొట్టపు ఉక్కు పట్టాల మీద నడిచిన మొదటి రోలర్ కోస్టర్ అదే. యారో డెవలప్‌మెంట్ అనే సంస్థ ఆ పట్టాలను తయారుచేసింది. అంతవరకు చెక్క కోస్టర్లదే రాజ్యం. గొట్టాన్ని ఎటు కావాలంటే అటు వంచవచ్చు కాబట్టే కొండ కడుపులో అన్ని మలుపులు పట్టాయి.

గేములో ముందు కొండను లేపి తర్వాత పట్టాలు దూర్చబోతే మలుపు దగ్గర రాయి అడ్డొస్తుంది, రాయి తీస్తే బయట ఆకారం చెడుతుంది. అదే ముందు రెండు పట్టాలను గాలిలో నిలబెట్టి, బండిని నడిపించి, చివర నీళ్లలో చప్పున వేగం తగ్గే చోటు దాకా అంతా సరిపోయిందని చూసుకున్నాక, దాని మీద రాళ్లు కప్పుకుంటూ వస్తే కొండ తనంతట తనే ఆకారం తీసుకుంటుంది. అక్కడక్కడ బండి క్షణంసేపు బయటికి కనిపించి మళ్లీ గుహలోకి పోయే కంతలు ఎందుకున్నాయో కూడా అప్పుడే తెలుస్తుంది. కింద వరసలో నిలుచున్నవాళ్లకు ఆశ పుట్టించేవి ఆ కంతలే.

మెయిన్ స్ట్రీట్‌లోనూ ఇలాంటిదే మరొకటి కనిపిస్తుంది. వీధికి రెండు పక్కలా భవనాల కింది అంతస్తు మామూలుగా ఉండి, పై అంతస్తులు ఎత్తు తగ్గుతూ పోతాయి. గేములో 4 మీటర్ల గోడ మీద మళ్లీ 4 మీటర్ల గోడ పెడితే వీధి బరువుగా, మీద పడుతున్నట్టుగా ఉంటుంది. పైన పొట్టి ముక్కలు వాడితే ఆ వీధికి పిల్లలు కూడా బెదరని పరిమాణం వస్తుంది. వాల్ట్ డిస్నీ చిన్నప్పుడు పెరిగిన మిస్సోరీ రాష్ట్రపు మార్సెలీన్ ఊరి జ్ఞాపకం ఈ వీధికి ఒక ఆధారం. అంటే మీరు మళ్లీ కడుతున్న వీధి కూడా ఒకరు చూసిన ఊరిని మళ్లీ కట్టినదే.

అయిదో మెట్టు: గేములో లేనిది ఎదురైతే

ఎంత మంచి గేములోనైనా అసలు పార్కులో ఉన్నవన్నీ ఉండవు. ఇక్కడే చాలామంది చేతులెత్తేస్తారు. నిజానికి నేర్చుకోవడానికి ఎక్కువ దొరికేది ఇక్కడే. ఆ వస్తువు ఎలా ఉందని కాక, అది ఏ పని చేస్తోందని అడగడం మొదలుపెట్టండి.

మార్క్ ట్వేన్ అనే పెద్ద ఆవిరి పడవ ఫ్రాంటియర్‌ల్యాండ్ నదిలో తిరుగుతుంది. నదిలో పడవ స్వేచ్ఛగా తిరిగే ఏర్పాటు మీ గేములో లేకపోతే, ఏదైనా పట్టాల బండిని తీసుకుని, పట్టాలను నీటిలో ముంచి, పైన పడవ ఆకారం నిలబెట్టవచ్చు. అసలు మార్క్ ట్వేన్ కూడా నీటి అడుగున ఉన్న పట్టా మీదే నడుస్తుంది. ఆ పట్టా కనబడకూడదనే నదిలో నీటికి రంగు కలుపుతారు. మీరు గతిలేక పట్టిన దారే అసలు ఇంజనీర్లు పట్టిన దారి.

హాంటెడ్ మాన్షన్ ఇంకా పెద్ద పాఠం చెబుతుంది. బయట కనిపించే భవంతి చిన్నది, లోపల తిరిగే రైడు చాలా పెద్దది. ఉపగ్రహ చిత్రంలో చూస్తే మట్టికట్ట అవతల ఒక భారీ షెడ్డు కనిపిస్తుంది. రైడు ఉన్నది అందులోనే. మరి జనం కట్టను, రైలు మార్గాన్ని ఎలా దాటుతున్నారు? మొదట వాళ్లు ఒక గదిలోకి వెళతారు. గోడలు సాగి గది పొడుగవుతున్నట్టు అనిపిస్తుంది. నిజానికి ఆ గది ఒక లిఫ్టు. అది జనాన్ని భూమి కిందికి దించుతుంది. అక్కడి నుంచి రైలు పట్టాల కింద నడిచి షెడ్డులోకి చేరతారు. ఫ్లోరిడాలో డిస్నీకే చెందిన మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కులోనూ ఇదే గది ఉంది. అక్కడ జనాన్ని కిందికి దించాల్సిన అవసరం లేదు కాబట్టి నేల కదలదు, పైకప్పే పైకి లేస్తుంది. చూసేవాళ్లకు అనుభవం ఒకటే, కారణాలు వేరు. కారణం తెలియకుండా ఫ్లోరిడా గదిని తెచ్చి అనహైమ్ పార్కులో పెడితే జనం కట్ట దగ్గరే ఆగిపోతారు.

ఉద్యోగంలో, వ్యాపారంలో కూడా ఈ తేడా తెలియక దెబ్బతినేవాళ్లు ఎందరో. బాగా నడుస్తున్న టిఫిన్ సెంటరును చూసి అదే మెనూ, అదే రంగు బోర్డు పెట్టి కొత్త సెంటరు తెరుస్తారు. పాత సెంటరులో చట్నీ బకెట్లు గుమ్మం దగ్గర ఎందుకున్నాయో, కూపన్లు ఇచ్చే మనిషి ఎటు తిరిగి కూర్చున్నాడో చూడరు. కొత్తగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిన కుర్రవాడు పాత ప్రోగ్రాములో అనవసరంగా కనిపించిన నాలుగు వరసలు కొట్టేస్తాడు. అవి ఎందుకున్నాయో మర్నాడు పనంతా ఆగినప్పుడు తెలుస్తుంది. కట్టే సాధన చేసిన మనిషికి మాత్రం ముందుగా ఒక ప్రశ్న నోటికి వస్తుంది: "దీన్ని ఇక్కడ ఎందుకు పెట్టారు?"

ఆరో మెట్టు: గేటు తెరవండి

ఖాళీ పార్కు ఎప్పుడూ అందంగానే ఉంటుంది. జనాన్ని వదిలినప్పుడే దాని అసలు స్వభావం బయటపడుతుంది. ప్లానెట్ కోస్టర్‌లో సందర్శకులు తమంతట తాము నడుస్తారు, అలిసిపోతారు, ఆకలేస్తే దుకాణం వెతుక్కుంటారు, వరస పొడవుగా ఉంటే వెనుదిరుగుతారు. ఒక సందర్శకుడి వెంట కెమెరాను నడిపించే వీలు కూడా ఉంది. కాసేపు ఆ మనిషి వెంట తిరగండి.

ఇరుకు దారుల్లో జనం కిక్కిరిసి ఆగిపోతారు. అసలు పార్కులో కోట ముందు కూడలి అంత విశాలంగా ఎందుకుందో అప్పుడు తెలుస్తుంది. అది అలంకారానికి వదిలిన చోటు కాదు. ఎటు వెళ్లాలో తేల్చుకోవడానికి జనం నిలబడే చోటు. నిలబడినవాళ్లు నడిచేవాళ్లకు అడ్డం కాకూడదంటే ఆ మాత్రం వెడల్పు ఉండాలి. ప్రతి దారి చివరా కంటిని లాగే కట్టడం ఒకటి ఎందుకుందో కూడా ఇక్కడే అర్థమవుతుంది. అది లేని దారిలోకి అడుగు వేయడానికి మనసు రాదు.

కాబట్టి అన్నీ పూర్తయ్యేదాకా గేటు మూసి ఉంచకండి. ఒక్కో ప్రాంతం అయిన కొద్దీ జనాన్ని వదిలి చూడండి. ఏ పనిలోనైనా, వాడేవాళ్లు వచ్చి వాడిన తర్వాత తెలిసే విషయాలు గదిలో కూర్చుని ఎంత ఊహించినా తెలియవు.

ఏడో మెట్టు: పూర్తి చేయడం

ఇలాంటి పనులు మొదలుపెట్టేవాళ్లు ఎక్కువ, ముగించేవాళ్లు తక్కువ. ముగించడానికి మూడు నియమాలు పెట్టుకోండి.

ఒకటి: సందర్శకుడి కంటికి అందని చోట ముక్క ఖర్చుపెట్టవద్దు. ముక్కలు పెరిగేకొద్దీ కంప్యూటర్ నెమ్మదిస్తుంది, ఒక దశ దాటాక కదలడమే కష్టమవుతుంది. డిస్నీలాండ్‌లోనూ కనబడాల్సిన ముఖానికే శిల్పం చెక్కారు. దాచాల్సిన షెడ్లకు, కంచెలకు కన్ను పట్టించుకోని బూడిద కలిసిన ఆకుపచ్చ రంగు వేసి వదిలేశారు.

రెండు: ఒకసారి కట్టిన దీపస్తంభాన్ని, కిటికీని, కుర్చీని విడి నమూనాగా భద్రపరిచి మళ్లీ మళ్లీ వాడుకోండి. స్టీమ్ వర్క్‌షాప్ అనే ఆన్‌లైన్ వేదికలో ఇతరులు పంచుకున్న నమూనాలు కూడా దొరుకుతాయి. వాడుకుంటే ఎవరిదో చెప్పండి. మీరు కట్టినవి మీరూ పంచండి. ప్రతిరోజూ పని ముగించి లేచే ముందు పార్కును కొత్త పేరుతో సేవ్ చేసుకోండి. పాత ఫైలు మీద రాసేయకండి.

మూడు: ఒక తేదీ పెట్టుకుని, ఆ రోజుకు ఎంత అయితే అంతే తెరవండి. డిస్నీలాండ్ నిర్మాణం 1954 జులైలో మొదలైంది, మరుసటి జులైకల్లా పార్కు తెరుచుకుంది. 1 కోటి 70 లక్షల డాలర్లు ఖర్చయింది. ఆ మొదటి రోజు ఎండకు తారు మెత్తబడి ఆడవాళ్ల హైహీల్స్ దిగబడ్డాయి. ప్లంబర్ల సమ్మె వల్ల తాగునీటి కొళాయిలు చాలలేదు. దొంగ టిక్కెట్లతో జనం పోటెత్తారు. టుమారోల్యాండ్ పని పూర్తికాక, జెండాలు, బెలూన్లు కట్టి ఆ వెలితిని కప్పారు. అయినా తెరిచారు. తెరిచాక సరిచేశారు. నాలుగేళ్లకు మ్యాటర్‌హార్న్ కొండ లేచింది. లోపాలన్నీ తీరేదాకా ఆగి ఉంటే 1955లో ఆ గేటు తెరుచుకునేదే కాదు.

ఇంట్లో పెద్దవాళ్లకు ఒక మాట

"ఎప్పుడు చూసినా ఆ గేమేనా?" అని విసుక్కునే ముందు, మీ అబ్బాయో అమ్మాయో అందులో ఏం చేస్తున్నారో ఒకసారి పక్కన కూర్చుని చూడండి. తుపాకీ పట్టుకుని పరుగెత్తే ఆటకు, కొలతలు రాసుకుని కోట కట్టే ఆటకు చాలా తేడా ఉంది. "నాన్నా, ఈ గోడ ఇంత ఎత్తే ఎందుకు పెట్టావు?" అని అడిగి చూడండి. గబగబా కారణం చెప్పారంటే నేర్చుకుంటున్నట్టే. చదువుకు, నిద్రకు, మైదానంలో ఆటకు సమయం కేటాయించాక మిగిలిన గంటలో ఈ పని సాగనివ్వండి. వేళ దాటితే ఎంత మంచి సాధనైనా ఆపించాల్సిందే.

ఈ వారం అభ్యాసం

అనహైమ్ దాకా వెళ్లాల్సిన పని లేదు. మీరు కాలితో నడిచిన చోటుతో మొదలుపెట్టండి. హైదరాబాద్ దగ్గర వండర్‌లా గానీ, రామోజీ ఫిల్మ్ సిటీలో ఒక వీధి గానీ, మీ ఊరి పార్కులో ఒక్క మూల గానీ సరిపోతుంది. గేము లేకపోతే గళ్ల కాగితం, పెన్సిలు చాలు.

1. ఒక్క కట్టడాన్నో, ఒక్క కూడలినో ఎంచుకుని, ఏ సంవత్సరంలో ఉన్నట్టు కడతారో రాయండి.

2. ఎత్తు ఖాయంగా తెలిసిన వస్తువు ఒకటి పట్టుకుని, దాన్ని బట్టి మిగతా కొలతలు తేల్చండి.

3. అలంకారం లేకుండా మొత్తం చోటును ఒకసారి పరిచి, మనిషి కళ్ల ఎత్తు నుంచి చూడండి.

4. కడుతుండగా "ఇది ఇలా ఎందుకుంది?" అనిపించిన ప్రతిచోటా ఆగి, మీకు తోచిన కారణాన్ని ఒక వాక్యంలో రాయండి. వారం చివర ఆ వాక్యాలను చదవండి. మీ చేతికి వచ్చిన అసలు ఫలితం కట్టడం కాదు, ఆ కాగితమే.

5. ఆదివారం సాయంత్రానికి ఎంత అయితే అంతే, ఇంట్లో ఒకరికి చూపించండి. వాళ్లు అడిగిన మొదటి ప్రశ్నతోనే వచ్చే వారం పని మొదలుపెట్టండి.